కూనూరులో మూడు రోజులు

ఈ యేడు ఉగాదికి మా ఇంటికి కూనూరునుంచి టీపొడి పొట్లం రాలేదు. ఇంతమాత్రానికే కారు కట్టించుకొని మూడువందల డెబ్బయి కిలోమీటర్లు పోయి వచ్చారా అని మీరు నవ్వవచ్చు. పూర్తిగా విన్న తరువాత నవ్వండి, నేను కాదనను.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కర్మాగారం ఆఫీసులో డిస్పాచి గుమాస్తాను. మా తాతగారు చిత్తూరు జిల్లానుంచి బెంగుళూరు వచ్చి స్థిరపడ్డారు. అప్పటినుంచీ మాకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇప్పుడు అద్దాల మేడలు నిలిచిన ఈ చోట, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు పల్లెల పొలిమేరలలో, ఒకప్పుడు రాగిచేలు ఉండేవి. 1978లో కియోనిక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఇక్కడ మూడువందల ముప్పై ఎకరాల పైచిలుకు భూమి తీసుకొని ఎలక్ట్రానిక్ పరిశ్రమలకు కేటాయించింది. ఆ సంస్థ అధ్యక్షులు ఆర్. కె. బాలిగా గారి ఆలోచన అది. ఆ పుణ్యాన నాబోటి మెట్రిక్ చదువులవాళ్ళు కూడా వేలమంది ఇక్కడ అన్నం తింటున్నాము.

నేను ఉద్యోగంలో చేరిన రోజున నాకు బల్ల చూపించి, రిజిస్టరు చేతికిచ్చి, మధ్యాహ్నం తన క్యారియరులో సగం పెట్టినాయన మా స్టోర్సులో పనిచేసే ఒక అన్న. నాకంటె ఆరేళ్ళు పెద్ద. కూనూరు ఆయన స్వస్థలం. ఆయన తాతగారు కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారు. కొండ రైలుమార్గంలో గ్యాంగు కూలీగా చేరి కూనూరులోనే ఉండిపోయారు. తండ్రిగారు అదే రైలుబండిమీద బ్రేక్స్‌మన్‌గా పనిచేసి 1995లో రిటైరైనారు. మూడు తరాలు తమిళదేశంలో గడిచినా వాళ్ళింట్లో తెలుగే. మా తెలుగుకూ వాళ్ళ తెలుగుకూ కాస్త తేడా ఉన్నమాట నిజమే. ఆయన "ఆడ ఉండాది" అంటే నేను నవ్వేవాణ్ణి, నేను "అక్కడుంది" అంటే ఆయన, "ఏమప్పా, పుస్తకం చదువుతావుండావా?" అనేవాడు.

2013లో ఆ పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. అన్న పదిహేనేళ్ళ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యాబిడ్డలతో కూనూరు ప్రయాణమైనాడు. కడపటి రోజున క్యాంటీనులో అందరమూ కలిసి టీ తాగుతున్నప్పుడు నా నోరు ఊరుకోలేదు. "నలభై ఏళ్ళకే కొండెక్కి కూర్చుంటున్నావు. ఎక్కినవాడివి ఇక దిగలేవన్నా! నెలకింతని డబ్బు పంపి ఒక మనిషిని పెట్టుకుంటే పోయేదానికి, ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా?" అన్నాను. నలుగురూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. కాని తన గ్లాసులో సగం టీ అట్లాగే వదిలేసి లేచాడు. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

పోయినవాడు నన్ను మరచిపోలేదు. ప్రతి ఉగాదికీ అరకిలో టీపొడి గట్టిగా గుడ్డలో కుట్టి, పైన ముత్యాలవంటి అక్షరాలతో చిరునామా రాసి పంపేవాడు. వస్తుందా రాదా అని ఏ సంవత్సరమూ ఎదురుచూడవలసిన పని పడలేదు. "ఒకసారి రండి, నాయన కూడా అడుగుతావుండాడు" అని ఫోనులో పిలిచేవాడు. "వచ్చే వేసవికి తప్పక" అని నేను చెప్పేవాణ్ణి. దేశంలోని అన్ని జిల్లాలకూ రోజుకు నలభై పార్సెళ్ళు కట్టించి పంపే గుమాస్తాను, ఇన్నేళ్ళలో ఆయనకు ఒక్క పొట్లం పంపిన పాపాన పోలేదు.

ఈ యేడు పండుగ వెళ్ళి వారమైనా పొట్లం రాలేదు. మా ఆవిడ టీ డబ్బా అడుగు నాకు చూపించి ఊరుకుంది. నేను ఫోను చేస్తే వదిన ఎత్తింది. పెద్దాయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో పెట్టారట. అన్న రాత్రింబవళ్ళూ అక్కడే ఉన్నాడట. "గండం గడిచింది లే అన్నా. ఆయన మీకు పొట్లం పంపలేదని నొచ్చుకుంటావుండాడు" అన్నది. ఆ మాట వినేసరికి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే స్కూళ్ళు తెరవడానికి వారం ముందని తేదీ ఖాయం చేసి అన్నకు తెలియజేశాను.

ప్రయాణ సన్నాహం గురించి రెండు మాటలు చెప్పాలి, మీకు పనికివస్తాయి. నీలగిరులకు బయటి బండ్లలో వెళ్ళేవారు 2024 మే నుంచి ముందుగా ఈ-పాస్ తీసుకోవాలి. కొండలమీద బండ్ల రద్దీ మితిమీరిందని మద్రాసు హైకోర్టు పెట్టించిన ఏర్పాటు ఇది. బండి నంబరు, మనుషుల లెక్క, బస ఎక్కడ అన్నీ నింపాలి. ఇన్‌వర్డ్ రిజిస్టరు నింపి నింపి అలవాటైన చేతికి ఇదొక లెక్క కాదు. పోతే, ప్లాస్టిక్ నీళ్ళసీసాలు కొండమీదికి రానివ్వరు. చెంబులో తీసుకుపోతారో మరచెంబులో తీసుకుపోతారో మీ ఇష్టం.

కారు మా బామ్మర్దిది. నడిపింది కూడా అతనే. నాకు స్కూటరు తప్ప రాదు. నేనూ మా ఆవిడా పదోతరగతికి వచ్చిన మా అమ్మాయీ ఎక్కాము. చిత్రాన్నం, పెరుగన్నం, అన్నావాళ్ళకని ఓళిగలు, రాగిపిండి, ఆవకాయ. ఆవకాయ జాడీని మాత్రం నేనే స్వయంగా, ఇరవై ఏళ్ళ అనుభవమంతా ఉపయోగించి, నాలుగు వరసల గుడ్డలో కట్టాను. "ఇది పగిలితే మీ ఉద్యోగం పోవలసిందే" అన్నది మా ఆవిడ.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే అత్తిబెలె దాటి హొసూరు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. అక్కడ టీకొట్టువాడితో బామ్మర్ది తమిళంలో మొదలుపెట్టాడు. వాడు కన్నడంలో జవాబు చెప్పి, చిల్లర లెక్క మాత్రం తెలుగులో వేశాడు! హొసూరంటే అంతే. 1956లో భాషలవారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది గాని, తెలుగూ కన్నడమూ ఊళ్ళు విడిచి పోలేదు. రాజాజీ పుట్టిన తొరపల్లి గ్రామం ఈ పక్కనే.

కృష్ణగిరి మామిడి తోపులు, ధర్మపురి, తొప్పూరు కనుమ, సేలం వరసగా వెనక్కు పోయాయి. సేలం దాటాక ఒక చెట్టుకింద చిత్రాన్నం విప్పాము. భవాని, పెరుందురై, అవినాశి మీదుగా మేట్టుపాళయం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎండ మండిపోతోంది. ఎదురుగా మాత్రం నీలంగా ఒక గోడ, పైన మబ్బు. మేట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంది. కూనూరు రైలుస్టేషను 1,700 మీటర్లకు పైన. ఆ గోడ ఎక్కాలన్నమాట.

కల్లారు దాటాక ఘాట్ రోడ్డు మొదలు. పోకచెట్లు, వాటిపైన మహావృక్షాలు, కాళ్ళకింద లోయ. బర్లియారు దగ్గర పండ్ల అంగళ్ళున్నాయి. మంగుస్తాన్ పండు అనేది అక్కడే మొదటిసారి తిన్నాము. పైకి ఊదారంగు బెరడు, లోపల వెల్లుల్లి రెబ్బలవంటి తెల్లని తొనలు. రుచి మాత్రం వెల్లుల్లితో పోల్చడం అపచారం. ఒక మలుపు తిరిగేసరికి చల్లటిగాలి రివ్వున కొట్టింది. మా అమ్మాయి కిటికీ దించి, "నాన్నా, అదిగో పట్టాలు!" అన్నది. అవతలి కొండ కడుపున, చెట్ల నడుమ, సన్నగా ఒక వంతెన కనిపించి మాయమైంది.

అన్న బస్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. నేను కారు దిగి ఏమి మాట్లాడాలో తెలియక, "ఆవకాయ పగల్లేదన్నా" అన్నాను. ఆయన నా భుజంమీద చెయ్యి వేసి, "పద, చలిగాలి తగులుతుంది" అన్నాడు. కూనూరులో వాళ్ళకు మార్కెట్టు దారిలో చిన్న అంగడి ఉంది. టీపొడి, నీలగిరి తైలం, ఇంట్లో వదిన చేసే మిరియాలపొడి అమ్ముతారు. ఇల్లు స్టేషనుకు పైన గట్టుమీద, యాభై మెట్లెక్కాలి. మేము నాలుగుచోట్ల నిలబడి ఎక్కాము.

పెద్దాయన కిటికీ పక్కన మంచంమీద ఉన్నారు. అన్న మమ్మల్ని ఒక్కొక్కరినే చెప్పాడు. ఆయన చాలాసేపు నా ముఖం చూసి, నాలుక మడత పడుతున్నా, "పార్సెలాఫీసు పిల్లోడా? తోవ తెలిసిందా నాయనా ఇన్నాళ్ళకి?" అన్నారు. నేను కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఆయన నవ్వారనే అనుకున్నాను. వదిన మా ఆవిణ్ణి "రా చెల్లీ" అని చెయ్యిపట్టి వంటింట్లోకి తీసుకుపోయింది. పది నిమిషాల్లో ఇద్దరూ చిన్ననాటి స్నేహితురాళ్ళలాగా మాట్లాడుకుంటున్నారు. వేడిటీ, కరకరలాడే వర్కీలు వచ్చాయి. రాత్రి కారెట్టు కూర, పప్పు, వేడివేడి అన్నంలోకి మా ఆవకాయ.

మరునాడు పొద్దున ఒక సంగతి జరిగింది. పదిగంటలు దాటిన తరువాత కొండకిందనుంచి రైలు కూత వినిపించింది. మాట్లాడుతున్న పెద్దాయన ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. దుప్పటిమీద ఉన్న ఎడమచెయ్యి మెల్లగా పిడికిలి బిగించి, ఏదో పట్టుకొని తిప్పుతున్నట్టు కదిలింది. మరి రెండు కూతలు. చెయ్యి సడలింది. "వచ్చేసినాది" అన్నారు. నేను అన్నవైపు చూశాను. "రోజూ అంతే. ఈ కిటికీకోసమే ఈ ఇల్లు విడిచి రానంటాడు. బెంగుళూరు తీసుకపోతే ఆ చెయ్యి కూడా పడిపొయ్యేది" అన్నాడు. పన్నెండేళ్ళ క్రిందట నెలకింతని డబ్బు పంపి మనిషిని పెట్టుకోమన్న పెద్దమనిషి ఏమీ మాట్లాడలేక మెట్లు దిగాడు.

అన్న ఆ రోజు అంగడి మూసి మాకు స్టేషను చూపించాడు. ఈ రైలుమార్గం కథ వినదగ్గది. 1854లోనే కొండమీదికి రైలు వెయ్యాలని ఆలోచన పుట్టింది. 1882లో రిగ్గెన్‌బాక్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు వచ్చి చూసిపోయాడు. 1891 ఆగస్టులో మద్రాసు గవర్నరు వెన్లాక్ ప్రభువు మొదటి గడ్డపార వేశాడు. మూడేళ్ళు తిరగకుండానే కంపెనీ దివాలా తీసింది. మరొక కంపెనీ పుట్టి, 1899 జూను 15న మేట్టుపాళయంనుంచి కూనూరుకు బండి నడిపింది. అక్కడనుంచి ఉదకమండలం చేరడానికి 1908 వరకు పట్టింది. ఆలోచనకూ మొదటి బండికీ నడుమ 45 ఏళ్ళు! ఇన్నేళ్ళ వాయిదా నాకు కొంత ఓదార్పుగానే ఉండింది.

మొత్తం మార్గం 46 కిలోమీటర్లు. 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. మన విశాఖపట్నంనుంచి అరకు పోయే దారిలోనూ సొరంగాలున్నాయి గదా అంటారేమో, ఉన్నాయి. కాని ఇక్కడి ఏటవాలు వేరు. కల్లారుకూ కూనూరుకూ మధ్య కొన్నిచోట్ల పన్నెండడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేవాలి. ఉక్కు పట్టామీద ఉక్కు చక్రం అంత వాలులో నిలవదు, జారుతుంది. అందుకని రెండు పట్టాల నడుమ పళ్ళున్న కమ్మీలు రెండు పక్కపక్కనే వేశారు. ఇంజను కింద పళ్ళచక్రాలున్నాయి. అవి ఆ పళ్ళను పట్టుకొని, మనం నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతాయి. ఒక కమ్మీ పన్ను ఉన్నచోట పక్క కమ్మీకి సందు ఉండేటట్టు అమర్చారు. ఒక పన్ను వదిలేలోగా మరొక పన్ను పట్టుకొనే ఉంటుంది. ఈ ఉపాయం రోమన్ ఆబ్ట్ అనే మరో స్విట్జర్లాండు ఇంజనీరుది.

లోకో షెడ్డు దగ్గర నిలబడి ఇంజను చూశాము. పాత ఇంజన్లు స్విట్జర్లాండులో వింటర్‌థూర్ అనే ఊళ్ళో తయారైనవి. తరువాతివి కొన్ని తిరుచిరాపల్లిలోని పొన్మలై వర్క్‌షాపులో మనవాళ్ళే కట్టారు. ఒక్కొక్కదానికి నాలుగు సిలిండర్లు. చదునుమీద కింది రెండే పనిచేస్తాయి. పళ్ళ పట్టా వచ్చేసరికి, ఆ రెండింట్లో ఒకసారి పనిచేసి వచ్చిన ఆవిరినే పై రెండింట్లోకి పంపి పళ్ళచక్రాలు తిప్పుతారు. మిగిలిన చారుతో మరొక పూట గడిపినట్టన్నమాట. మా ఆవిడకు ఈ ఇంజను బాగా నచ్చింది.

అన్న ఒక ప్రశ్న వేశాడు. "ఇంజను బండికి ఏ పక్క ఉంటుందో చెప్పమ్మా?" మా అమ్మాయి, "ముందు" అన్నది. "కాదు. ఎప్పుడూ పల్లం పక్కనే. ఎక్కేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. దిగేటప్పుడు ముందు నిలబడి, మీదికొచ్చే బండిని ఆపుకుంటా వస్తుంది. తెగినా కూడా పెట్టెలు పోయి దానిమీదే ఆనుకోవాల." ఎక్కేటప్పుడు డ్రైవరు వెనక ఉంటాడు గనుక, ముందు పెట్టెమీద నిలబడ్డవాడు పచ్చజెండా ఎర్రజెండా చూపి దారి చెప్తాడు. ఇదిగాక ప్రతి పెట్టెకూ ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. ఇంజను కూత విని, దాని అర్థం తెలుసుకొని, ఎవరి పెట్టె బ్రేకు వాళ్ళు వేస్తారు. పొద్దున ఆ చెయ్యి ఏమి తిప్పిందో నాకు అప్పుడు తెలిసింది. 1995లో దిగిపోయిన మనిషి ఇప్పటికీ తన పెట్టెను నిలుపుతున్నాడు.

కూనూరు దాటి ఉదకమండలంవైపు పళ్ళ పట్టా లేదు. ఆ భాగంలో డీజిలు ఇంజను నడుపుతారు. మేము కారులో వెల్లింగ్టన్, అరువంకాడు మీదుగా ఊటీ పోయి సాయంత్రానికి వచ్చేశాము. ఊటీని గురించి ఎందరో రాశారు గనుక నేను రాయను. ఒక్క విషయం మాత్రం గుమాస్తాగా నన్ను పట్టుకుంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఎండలు ముదరగానే మద్రాసు ప్రభుత్వం మొత్తం ఊటీకి తరలిపోయేది. గుంటూరు, బళ్ళారి, విశాఖపట్నం అప్పుడు ఆ రాజధాని కిందివే. అంటే మన జిల్లాల ఫైళ్ళు పెట్టెలకెత్తి, వాటి వెనక గుమాస్తాలు శాలువాలు కప్పుకొని ఈ కొండ ఎక్కేవాళ్ళన్నమాట. గోదావరి కాలవ తాలూకు ఏ అర్జీయో చలికి వణికే చేతులతో నా వంటివాడొకడు ఇక్కడ రిజిస్టరులో ఎక్కించి ఉంటాడు. వెనుకటి దొరల పేర్లు ఊటీలో రాళ్ళమీద చాలా ఉన్నాయి. ఆ గుమాస్తా పేరు నాకు ఎక్కడా కనిపించలేదు.

మూడోరోజు మా తిరుగు ప్రయాణం. మేము తేదీ చెప్పినరోజే అన్న మాకోసం దిగే బండికి నాలుగు టిక్కెట్లు తీసి ఉంచాడు. అవి అంత ముందుగా తీస్తే గాని దొరకవు. నాలుగోది తనకు. "మేట్టుపాళయందాకా సాగనంపి బస్సులో వస్తాను" అన్నాడు. బామ్మర్ది కారు తీసుకొని ఘాట్ రోడ్డున దిగి, కింద మమ్మల్ని కలుసుకోవాలి. పెద్దాయన దగ్గర సెలవు తీసుకుంటే, ఎడమచేత్తో మా అమ్మాయి తల నిమిరి, "దిగేటప్పుడు బయపడొద్దు. ఎక్కేది ఇంజను పని. దిగేది మా పని" అన్నారు. వదిన మా ఆవిడకు కుంకుమ పెట్టి, ఒక పొట్లం చేతిలో పెట్టింది. విప్పకుండానే వాసన తెలిసింది.

బండి మధ్యాహ్నం మూడు దాటాక కదిలింది. నీలం, మీగడ రంగులు వేసిన చెక్క పెట్టెలు. చిన్నపిల్లలనుంచి ముసలివాళ్ళదాకా అందరూ కిటికీల దగ్గరే. పళ్ళ పట్టా తగలగానే కింద ఒక గరగర, ఆ పైన కటకటమని ఒకే తాళం. పక్కన లోయలో మేఘం మాతోపాటు దిగుతున్నది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలన్నీ కలిసి కేక పెట్టాయి. మా ఆవిడ కూడా. పళ్ళ పట్టామీద గంటకు పదమూడు కిలోమీటర్లకు మించి పోరు. 2005లో యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చారు. 1999లో డార్జిలింగు రైలును చేర్చారు. 2008లో కాల్కా–సిమ్లా రైలును చేర్చారు. ఎంత వారసత్వమైనా వానాకాలంలో కొండచరియలు దీన్ని లెక్కచెయ్యవు. 2009 నవంబరులో విరిగిపడ్డప్పుడు మార్గం దెబ్బతిని నెలల తరబడి బండి ఆగిపోయింది. ఆ దినాల్లో కూత వినపడక నాయన అన్నం సరిగా తినలేదని అన్న చెప్పాడు.

నా కళ్ళు మాత్రం మా పెట్టె వసారాలో నిలబడ్డ బ్రేక్స్‌మన్ మీదనే ఉన్నాయి. పాతికేళ్ళవాడు. అతనెవరితోనూ మాట్లాడడు, లోయ చూడడు. చెవి ముందుకు పెట్టి నిలబడతాడు. కూత రాగానే చెయ్యి కదులుతుంది. పెట్టెలో యాభైమంది ఫొటోలు తీసుకుంటున్నారు. ఒక్కరూ అతని ఫొటో తియ్యలేదు. మా అమ్మాయి తీసింది.

హిల్‌గ్రోవ్ అనే చోట బండి కొంతసేపు ఆగింది. ఇంజనును చూసుకుంటున్నారు. జనం దిగి టీకి పోతే, కోతులు ఎక్కి వర్కీలకు వచ్చాయి. మా ఆవిడా అమ్మాయీ వాటిని అదిలిస్తూ దూరంగా ఉన్నారు. ఇంతకంటె మంచి సమయం దొరకదనుకొని, "అన్నా, ఆనాడు క్యాంటీనులో నేనన్న మాట…" అన్నాను. అంతకుమించి రాలేదు.

అన్న కొంచెంసేపు పట్టాలవైపు చూశాడు. "మర్చిపోయినానని చెప్తే అబద్ధమవుతుంది. బాగా నొప్పైంది అప్పుడు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "అయితే నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఎక్కినోడు దిగలేదు. జీతమైతే బాగుండేదని నెలాఖరులో ఇప్పటికీ అనుకుంటాను. మీ వదిన చేతి గాజులు రెండు అమ్మినాము. అట్లని ఆయప్ప కూత విని చెయ్యి తిప్పుతావుంటే చూసుకుంటా ఉండేది, ఆ మనిషినెవరినో పెట్టుకుంటే వాడు చూస్తాడా?" మళ్ళీ కొంచెం ఆగి నవ్వాడు. "టీపొడి ఆపితేగాని నువ్వు రావని తెలిసుంటే, మొదటి సంవత్సరమే ఆపేద్దును గదప్పా!"

నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుంటే పొగ తగిలిందని చెప్పాను. అప్పటికి ఇంజను చాలా దూరంలో ఉంది.

అయిదున్నర దాటాక మేట్టుపాళయం వచ్చింది. కొండమీద చలికి వేసుకున్న స్వెట్టర్లు ఒక్కసారిగా బరువైపోయాయి. బామ్మర్ది కారు పక్కన నిలబడి, "నేను వచ్చి గంటైంది. మీ ఘనమైన బండి ఇప్పుడా రావడం!" అన్నాడు. అన్న మా కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయనకు తిరిగి కొండ ఎక్కవలసిన బస్సు ఉంది. రాత్రి పెద్దాయనకు మందు వెయ్యవలసిన వేళ ఉంది. మేము సేలంలో నిద్రచేసి మరునాడు ఇల్లు చేరుకున్నాము.

ఎలక్ట్రానిక్ సిటీకి కూడా ఇప్పుడు రైలు వచ్చింది. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డునుంచి బొమ్మసంద్రకు పసుపుపచ్చ మార్గమని మెట్రో తెరిచారు. 19 కిలోమీటర్లు, ముప్పావుగంటలోపే పోవచ్చు. కల్లారునుంచి కూనూరుకు పళ్ళ పట్టా కూడా ఇంచుమించు అంతే దూరం. ఎక్కడానికి రెండు గంటలకు పైన పడుతుంది. నేను రోజూ మెట్రోలోనే ఆఫీసుకు పోతున్నాను, బాగుంది, కాదనను. కాని తలుపులు మూసుకొనేముందు అది మోగించే గంట వింటే మాత్రం నా ఎడమచెయ్యి ఊరకుండడం లేదు. పక్కవాళ్ళు ఏమనుకుంటున్నారో.

వచ్చిన సోమవారమే డిస్పాచి బల్లమీద నా సొంత డబ్బుతో ఒక పార్సెలు కట్టాను. రాగిపిండి, బెంగుళూరు కాఫీపొడి, పెద్దాయనకు ఒక ఉన్ని శాలువా, మా అమ్మాయి తీసిన బ్రేక్స్‌మన్ ఫొటో పెద్దది చేయించి అట్టమీద అంటించింది. చిరునామా నా చేత్తోనే రాశాను. అన్న అక్షరాలంత బాగా రాలేదు. నాలుగోరోజున ఫోను వచ్చింది. ఫొటో కిటికీ పక్కన గోడకు కొట్టారట. పెద్దాయన చాలాసేపు చూసి, "పిల్లోడు నిలబడేది బాగుండాది. చెయ్యి మాత్రం ఇంకా కొంచెం కిందుండాల" అన్నారట.

మీలో ఎవరైనా ఆ పక్కకు పోదలిస్తే, ఈ-పాస్, టిక్కెట్లు ముందు చూసుకోండి, స్వెట్టరు మరచిపోకండి. కొండమీద మీకొక స్నేహితుడు ఉండి ఏటేటా పిలుస్తూ ఉంటే, పొట్లం ఆగేదాకా ఉండకండి.